విరగబోయే ఎముక

హైమవతి ఎడమ తుంటి ఎముక నూటనలభై రోజుల్లోపల విరుగుతుందని అందరికన్నా ముందు తెలిసింది ఆవిడ చెల్లెలికి. అలా తెలుసుకోవడానికి వీలైన యంత్రాన్ని తయారుచేసింది కూడా ఆ చెల్లెలే.

ఆ ఉదయం విశాఖపట్నంలోని పరిశోధన కేంద్రంలో డాక్టర్ వకుళ తన బల్ల దగ్గర కూర్చుని చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. తెర మీద మనిషి పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. నాలుగువందల పన్నెండు. ఆ అంకె ఎవరిదో వకుళకు తెలుసు. వారం రోజులపాటు పొద్దున్నే అక్క నడుముకు పట్టీ కట్టింది తనే. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ, లోపల చింతగింజంత బిళ్లలు మూడు. ఎముకలో కంటికి కనపడని పగులు పుట్టినా ఆ బిళ్లలు వింటాయి. ఆ చప్పుడును కొన్ని లక్షల రెట్లు పెంచితే, కల్లుప్పు మీద చెప్పులేసుకుని నడిచినట్టు వినిపిస్తుంది.

పగుళ్లు అందరి ఎముకల్లోనూ పుడతాయి. మెట్టెక్కితే పుడతాయి, బిందె ఎత్తితే పుడతాయి. ఒళ్లు వాటిని కనిపెట్టి, చెడినచోట తవ్వేసి కొత్త ఎముక పోసుకుంటుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగాక తవ్వకం జోరందుకుంటుంది, పూడ్చడం వెనకబడుతుంది. పైకి ఎముక ఎముకలాగే ఉంటుంది, లోపల గుల్లబారిపోతుంది. నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. చాలామందికి విరిగిన రోజునే ఆ సంగతి తెలుస్తుంది. వకుళ పట్టీ వారం రోజులు విని, ఎన్ని పగిలాయో ఎన్ని పూడాయో చూసి, ఏ ఎముక ఎన్నాళ్లలో విరుగుతుందో చెబుతుంది. మొదటి విడతలో, విరుగుతుందని చెప్పిన పదిమందిలో ఏడుగురికి చెప్పిన గడువులోపలే విరిగింది. ఇంత దగ్గరగా చెప్పగలిగిన యంత్రం ఇంతకుముందు లేదని కేంద్రంలో పండగ చేసుకున్నారు.

వకుళ గంటసేపు విన్నది. పగుళ్లు ఎక్కువ, పూడికలు తక్కువ. నలభై ఏళ్లు నిండకముందే హైమవతికి గర్భసంచీ, దానితోపాటు అండాశయాలూ తీసేశారు. ఎముకల గురించి అప్పుడెవరూ ఒక్క మాట చెప్పలేదు. ఇరవై నాలుగేళ్లుగా లోపల జరుగుతూ వచ్చినదంతా ఇప్పుడు చెల్లెలి చెవిలో పడింది.

హైమవతికి అరవై మూడేళ్లు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై మూడేళ్లు డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లైన నాలుగేళ్లకే భర్త పోయాడు, పిల్లల్లేరు. వకుళ పెళ్లి చేసుకోలేదు. ఇరవై రెండేళ్లుగా అక్కాచెల్లెళ్లిద్దరూ పెదవాల్తేరులో ఒకే ఇంట్లో ఉంటున్నారు. తెల్లవారగానే హైమవతి బీచ్‌కి వెళ్లి, అక్కడికొచ్చే ఆడవాళ్లను వరసలో నిలబెట్టి కసరత్తు చేయించేది. వాళ్లలో బ్యాంకు మేనేజర్లుండేవారు, ఇళ్లలో అంట్లు తోమేవాళ్లుండేవారు. ఆవిడకు అందరూ స్కూలు పిల్లలే.

వకుళ ఇంటికి వచ్చేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బీరకాయల చెక్కు తీస్తోంది.

"ఏమన్నాయే నా ఎముకలు?"

"అక్కా, ముందు లేచి కుర్చీలో కూర్చో."

హైమవతి చేతిలో కాయ అలాగే పట్టుకుని చెల్లెలి మొహం చూసింది. "చెప్పు. నా దగ్గర దాపరికమేంటి?"

వకుళ చెప్పింది. ఎడమ తుంటి, నూటనలభై రోజులు. చెబుతూ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇది అక్టోబరు కదా. అంటే శివరాత్రి లోపలన్నమాట" అంది హైమవతి. "విరిగి తీరుతుందా?" అని అడిగింది.

"పదిమందిలో ఏడుగురికి విరిగింది."

"మరి ఆ ముగ్గురు?"

"ఆ ముగ్గురిలో నువ్వుంటావులే అని నేను చేతులు ముడుచుకు కూర్చోలేను, అక్కా. మందు మొదలుపెడదాం. సూదిమందు. అది బాగా పట్టడానికి ఏడాది పడుతుంది. అంతదాకా నువ్వు పడకూడదు. అంతే కావాలి నాకు."

"బీచ్?"

వకుళ తల అడ్డంగా ఊపింది. హైమవతి బీరకాయ పళ్లెంలో పెట్టేసింది. "సరేలే, ఏడవకు. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను" అంది.

ఆ మాట ప్రకారమే చేసింది. అదే తర్వాత వకుళను ఎక్కువ బాధపెట్టింది.

వారం తిరక్కుండా ఇల్లు మారిపోయింది. బల్లల మూలలకూ గుమ్మాల అంచులకూ స్పాంజి ముక్కలు అంటించారు. హాల్లో నేలంతా బొంతలు పరిచారు. మేడ మెట్లకు తలుపు పెట్టించి తాళం వేశారు. పగలు కనిపెట్టుకుని ఉండటానికి అప్పలనర్సమ్మ అనే ఆవిణ్ని పెట్టింది వకుళ. హైమవతి మంచం దిగాలంటే అప్పలనర్సమ్మ పక్కనుండాలి. మంచినీళ్లు కావాలంటే అప్పలనర్సమ్మే తేవాలి.

మొదట్లో బీచ్ ఆడవాళ్లు చూడటానికి వచ్చేవారు. "టీచరుగారూ" అంటూ వచ్చి, బొంతలు చూసి, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి పిల్లిలా నడుచుకుంటూ వచ్చి, దూరంగా కూర్చునేవారు. ఒకావిడ తనతో నాలుగేళ్ల మనవరాలిని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఎప్పటిలాగే పరుగున వచ్చి హైమవతి ఒళ్లో దూకబోతే అప్పలనర్సమ్మ మధ్యలోనే రెక్క పట్టుకుని ఆపింది. "బామ్మ విరిగిపోద్దమ్మా" అంది. పిల్ల హైమవతి వైపు భయంగా చూసింది. ఆ తర్వాత ఆవిడ మనవరాలిని తీసుకురాలేదు, కొన్నాళ్లకు తనూ రాలేదు.

రోజులు గడిచేకొద్దీ హైమవతి మాట తగ్గింది. టీవీ పెడితే చూసేది, కట్టేస్తే గోడ చూసేది. ఆకలి పోయింది. మూడు నెలలయ్యేసరికి పిక్కలు జారిపోయి కాళ్లు పుల్లల్లా అయ్యాయి. వకుళ ఆ కాళ్లు చూసింది. వయసన్నాక తప్పదనుకుంది. రాత్రి భోజనాల దగ్గర ఒక రోజు అడిగింది:

"ఏం ఆలోచిస్తున్నావక్కా?"

"ఏమీ లేదే. ఇవాళ ఎన్నో రోజు?"

"తొంభై రెండు."

"ఇంకా నలభై ఎనిమిదా" అంది హైమవతి. గడువు త్వరగా రావాలని కోరుకుంటున్నట్టు అంది. వకుళ ఆ మాట విననట్టు మజ్జిగ వంచుకుంది.

తొంభై ఏడో రోజు మధ్యాహ్నం నాలుగింటికి అప్పలనర్సమ్మ ఫోన్ చేసింది. ఏడుపు తప్ప మాట రావడం లేదు. వకుళ వెళ్లేసరికి హైమవతి మంచం పక్కన బొంత మీద పడి ఉంది. ఎడమకాలు పొట్టిగా కనిపిస్తూ బయటి వైపుకు తిరిగిపోయి ఉంది. ఆవిడ ఎక్కడా కాలు జారలేదు, దేన్నీ తట్టుకోలేదు. మంచం మీంచి లేచి నిలబడబోయింది, కాలు నిలవలేదు, అంతే.

"మెత్తటి దాని మీదే పడ్డానే, వకుళా" అంది హైమవతి. చెల్లెలికి ధైర్యం చెప్పడానికే అంది.

ఆస్పత్రిలో మర్నాడు ఆపరేషన్ చేసి లోపల ఇనపకడ్డీ వేశారు. సాయంత్రం కేంద్రం డైరెక్టర్ భుజంగరావు చూడటానికి వచ్చాడు. చెడ్డవాడు కాడు. కొబ్బరిబొండాలు పట్టుకొచ్చాడు, హైమవతి పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు. వరండాలోకి వచ్చాక మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"తొంభై ఏడో రోజు, వకుళగారూ! గడువు లోపలే. మీ సొంత అక్కగారి విషయంలో కూడా తప్పలేదంటే ఇంక ఈ పట్టీని ఎవరు కాదంటారు? బాధగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మీరు గెలిచారు."

ఆయన వెళ్లిపోయాక వకుళ వరండా బల్ల మీద కూర్చుని ఒకటే సంగతి ఆలోచించింది. యంత్రం నూటనలభై రోజులన్నది. తొంభై ఏడుకే ఎందుకు విరిగింది?

హైమవతి ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో వకుళ పగలంతా కేంద్రంలో పాత ఫలితాలు తిరగేసింది. నాలుగువందల పన్నెండుమందిలో రెండువందల అరవైమందికి విరుగుతుందని యంత్రం చెప్పింది. వాళ్ల ఫోన్లకు ఆ కబురు వెళ్లింది. విరిగినవాళ్లలో చాలామందికి అక్కలాగే గడువుకన్నా బాగా ముందే విరిగింది. యంత్రం తొందరపడటం లేదు, ఎముకలు తొందరపడుతున్నాయి. ఎందుకో అర్థం కాలేదు.

తర్వాత ఒక చిన్న జాబితా కనిపించింది. కబురు అందని నంబర్లు, యాభై ఎనిమిది. ఫోన్ మారిపోయినవాళ్లు, నంబరు తప్పు రాసిచ్చినవాళ్లు. వీళ్లకూ విరుగుతుందనే యంత్రం చెప్పింది, కానీ ఆ సంగతి వీళ్లకు తెలియదు. వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. వకుళ చిరునామాలు పట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ బయలుదేరింది.

మొదట వెళ్లింది భీమిలి దారిలో ఉన్న మంగమారిపేటకు. మైలపల్లి నూకాలు, అరవై ఆరేళ్లు, చేపలమ్ముతుంది. నడుములో రెండు వెన్నుపూసలు, కుడి తుంటి నూటపది రోజుల్లో విరుగుతాయని యంత్రం చెప్పి ఎనిమిది నెలలైంది. మంచంలో ఉన్న మనిషిని చూడటానికి సిద్ధపడి వకుళ ఆ వీధిలోకి వెళ్లింది. ఇంటి ముందు ఒక పొట్టి ముసలావిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరుతోంది.

"నూకాలుగారి ఇల్లెక్కడమ్మా?"

"నానే. ఏటి కావాల? వంజరాలు అయిపోనాయి, కానాగంతలున్నాయి."

తను పట్టీ కట్టిన కేంద్రం నుంచి వచ్చానని వకుళ చెప్పింది. నూకాలు తట్ట దించి అరుగు మీద పెట్టింది.

"ఓలమ్మ, ఆ పట్టీ అమ్మా? మరేటీ కబురు సెప్పనేదు మీరు."

"మీ ఫోన్‌కి పంపాం."

"అది మావోడి ఫోను. ఏటకెల్లినపుడు సంద్రంలో ములిగిపోనాది."

"మీకు నడుం నొప్పి ఎప్పుడైనా వచ్చిందా?"

"వచ్చింది మరి. ఎండాకాలంలో ఓ పాలి గట్టిగా తుమ్మినాను. సుర్రుమంది. నాలుగు దినాలు మంచం మీంచి లేవనేదు. తరవాత గుడ్డ బిగించి కట్టుకోని ఎలిపోనాను. ఇంకో పాలి కూడా అలాగే పట్టేసింది. ఎందుకో గానీ అప్పట్నించీ దండెం అందటం నేదు నాకు. మా కోడలు ఎత్తుగా కట్టేసిందని తగువాడినాను."

వకుళ ఆవిడ వీపు చూసింది. మెడ కింద వంపు తిరిగింది. యంత్రం తప్పు చెప్పలేదు. రెండు వెన్నుపూసలూ కుంగిపోయాయి, మనిషి రెండంగుళాలు పొట్టిదయింది. విరిగినట్టు కూడా ఆవిడకు తెలియదు. కానీ తుంటి విరగలేదు. యంత్రం ప్రకారం నాలుగు నెలల కిందటే విరగవలసిన తుంటి మీద ఆవిడ రోజుకు ఆరు మైళ్లు నడుస్తోంది.

"అప్పుడే మీకు చెప్పుంటే ఏం చేసేవారు?" అని అడిగింది వకుళ.

"ఏటి సెప్పుంటే?"

"ఎముక విరుగుతుందని."

నూకాలు ఆలోచించింది. "బయిమేసీసును. మావోడు ఇల్లు కదలనిచ్చునా? మూల కూకోబెట్టీసును. కూకుంటే ఇంకేటుంది తల్లీ, కూకున్నకాడే పోదును."

వకుళ ఆ అరుగు మీద చాలాసేపు కూర్చుంది. ఎముకకు పని చెబితేనే కొత్త ఎముక పోసే కణాలు లేస్తాయనీ, మంచాన పడితే తవ్వే కణాలదే రాజ్యమనీ ఆమె తన విద్యార్థులకు ఏటా మొదటివారంలోనే చెబుతుంది. తెలియనిది కాదు. చెల్లెలి భయం ముందు శాస్త్రవేత్త చదువు ఎక్కడికో పోయింది.

వెళ్లేముందు నూకాలుకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఎముకలు పలచబడ్డాయి, మందుంది, వాడితే గట్టిపడతాయి. బరువు సగం చెయ్యాలి, నడుం వంచి ఎత్తకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి. నడక మాత్రం మానకూడదు. నూకాలు అంతా విని, "నడక మాననులే. సగం బరవంటేనే ఆలోసించాల" అంది.

తక్కిన యాభై ఏడుగురినీ చూసొచ్చేసరికి నెల పట్టింది. చెప్పినవాళ్లలో పదికి ఏడుగురికి విరిగింది. చెప్పనివాళ్లలో పదికి ముగ్గురికి. ఎముకలు అవే, యంత్రం అదే. కబురు ఒక్కటే తేడా.

ఆఖరి ఇల్లు చూసొచ్చిన సాయంత్రం హైమవతి హాల్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, కుర్చీలో కూర్చుని ఆయాసపడుతోంది. వకుళ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అక్కా, నేను నీకు ఆ రోజు చెప్పకపోయినా, చెప్పి బీచ్‌కి వెళ్లనిచ్చినా, ఈపాటికి నువ్వు మామూలుగా నడుస్తుండేదానివేమో."

"ఏమో అంటే?"

"కబురు అందనివాళ్లలో పదికి ఏడుగురు నడుస్తున్నారు. నేను చూసొచ్చాను." వకుళ అంతా చెప్పింది, దాచకుండా. "నీ ఎముకలో కాస్తో కూస్తో ఉన్న బలాన్ని తొంభై ఏడు రోజులు కూర్చోబెట్టి నేనే తీసేశాను."

వీధిలో పూలమ్మే ఆవిడ వచ్చి గేటు దగ్గర పిలిచి, ఎవరూ పలకకపోతే వెళ్లిపోయింది.

"ముప్ఫై మూడేళ్లు పిల్లల్ని పరుగెత్తించానే నేను" అంది హైమవతి చివరికి. "పడ్డవాళ్లున్నారు. మోకాళ్లు చెక్కుకుపోయినవాళ్లున్నారు. చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లను చంకన వేసుకుని నేనే ఆస్పత్రికి పరుగెత్తాను. కానీ పడతావేమోనని ఒక్కదాన్ని కూడా గ్రౌండు బయట కూర్చోబెట్టలేదు."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టనిచ్చావు? ఒక్క మాట ఎదురు చెప్పలేదేం?"

"నువ్వు చదువుకున్నదానివి కదా. నాకు తెలియనిది నీకు తెలుసుననుకున్నాను."

ఆవిడ కోపంగా అనుంటే వకుళకు కొంచెం తేలిగ్గా ఉండేది. మామూలుగా అంది.

మూడో నెలకు హైమవతి వాకర్ వదిలి చేతికర్ర పట్టుకుంది. ఒక రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, విజయనగరం వెళ్లిపోతున్నానని చెప్పింది. అక్కడ ఆవిడ దగ్గర చదువుకున్న రాజ్యలక్ష్మి ఆటల్లో తర్ఫీదయ్యే ఆడపిల్లలకు హాస్టల్ నడుపుతోంది. రమ్మని ఎప్పటినుంచో అడుగుతోంది.

"ఇక్కడ ఉంటే నువ్వు నన్ను చూస్తూనే ఉంటావు, వకుళా. నేను లేస్తే నీ ప్రాణం లేస్తుంది. నువ్వు మానాలనుకున్నా మానలేవు. ఆ చూపు నా మీద ఉంటే నాకు అడుగు పడదు."

"అక్కడ మళ్లీ పడితే?"

"పడితే పడతాను. ఈసారి నేను నడుస్తూ పడతాను."

బస్సు కాంప్లెక్స్‌లో బస్సు మెట్లు ఎత్తుగా ఉన్నాయి. హైమవతి కర్ర ముందు పైమెట్టు మీద ఆనించి, కడ్డీ పట్టుకుని, బాగున్న కాలు పైకి పెట్టింది. వెనకనుంచి ఎవరో తొందరపెడుతున్నారు. వకుళ చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. అక్క మోచెయ్యి ఇంకో జానెడు దూరంలో ఉండగా ఆమె వాటిని వెనక్కి తీసుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. హైమవతి రెండో మెట్టు ఎక్కింది. కాలు వణికింది. మూడో మెట్టెక్కి లోపలికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. సామాను సర్దుకోవడంలో ఉందేమో, వకుళకు తెలియలేదు.

ఇంటికొచ్చి వకుళ బొంతలు చుట్టబెట్టింది. బల్లల మూలలనుంచి స్పాంజి ముక్కలు పీకింది. ముక్కలొచ్చాయి గానీ జిగురు మరకలు ఎంత గీకినా పోలేదు. సాయంత్రానికి ఇల్లు మునపటిలా అయింది. ఒక్కర్తి కోసం అన్నం వండడానికి బియ్యం ఎన్ని పొయ్యాలో ఆమెకు తెలియలేదు, ఇరవై రెండేళ్లు ఆ పని అక్కది, ఈమధ్య అప్పలనర్సమ్మది.

మర్నాడు కేంద్రంలో భుజంగరావు ముందు కాగితాలన్నీ పెట్టింది. పట్టీలు తయారుచేయడం అప్పటికే మొదలైంది. జిల్లా ఆస్పత్రులకు పంపడానికి పెట్టెలు సిద్ధమయ్యాయి.

"ఆపమంటారా?" అన్నాడాయన.

"చెప్పే పద్ధతి మార్చాలి. తారీఖు చెప్పకూడదు. ఎముక పలచబడింది, మందు వాడు, మానకుండా నడువు అని చెప్పాలి. ఇదివరకు చెప్పినవాళ్లందరికీ వెళ్లి మళ్లీ చెప్పాలి."

"నిన్నటిదాకా విరుగుతుంది జాగ్రత్త అన్నాం. ఇవాళ లేచి నడవమంటే ఎవరు నమ్ముతారండీ? నడిచి ఒకావిడ పడిందనుకోండి, ఎవరిది బాధ్యత?"

"కూర్చుని పడినవాళ్ల బాధ్యత ఎవరిది?" అంది వకుళ.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తారీఖు సంగతి ఆలోచిస్తామన్నాడు. పాతవాళ్ల దగ్గరికి కేంద్రం తరఫున వెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు. వకుళ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇంకా విరగనివాళ్ల చిరునామాలు చేతిరాతతో ఒక పుస్తకంలోకి ఎక్కించుకుంది. అరవై ఒక్క ఇళ్లు.

భుజంగరావు అన్నదే నిజమైంది. ఎవరూ నమ్మలేదు. గోపాలపట్నంలో ఒక కొడుకు, "మీ మాట విని మా అమ్మకు సొంతంగా స్నానం కూడా చెయ్యనివ్వట్లేదండీ, ఇప్పుడొచ్చి నడిపించమంటారా?" అని గేటు వేసేశాడు. సీతమ్మధారలో ఒకావిడ తలుపు తెరిచి వకుళను గుర్తుపట్టగానే, దిష్టి తగులుతుందన్నట్టు తల్లి మంచం ముందు తెర లాగేసింది. ఇరవై ఎనిమిది ఇళ్లలో ఇద్దరో ముగ్గురో మాత్రమే సాంతం విన్నారు. ఇంటికొచ్చాక ఈ సంగతులు చెప్పుకోవడానికి మనిషి లేదు. హైమవతి వారానికొకసారి ఫోన్ చేసేది. పిల్లల ఆటల గురించి చెప్పేది, కాలు ఎలా ఉందో చెప్పేది కాదు. వకుళ అడిగేది కాదు.

ఇరవై తొమ్మిదో ఇల్లు గాజువాకలో. వరహాలమ్మ, డెబ్భై ఒకటి. విరుగుతుందని చెప్పిన గడువు దాటిపోయి రెండు నెలలైనా ఇంట్లోవాళ్లు మంచం దింపలేదు. ఇవాళ కాకపోతే రేపు విరుగుతుందని వాళ్ల భయం. తలుపు తీసిన కోడలి చేతికి పిండి అంటి ఉంది.

"మీరేనా? మీరే కదా సెప్పినారు, కదిలితే ఇరిగిపోద్దని?"

"నేనేనమ్మా. తప్పు చెప్పాను. దిద్దుకోవడానికి వచ్చాను."

తప్పు చెప్పానని ఎవరో పెద్దచదువు చదివినామె తన గుమ్మంలో నిలబడి అనడం ఆ కోడలు ఎప్పుడూ విన్నట్టు లేదు. ఏం చెయ్యాలో తోచక పక్కకు జరిగింది.

లోపల కిటికీ పక్కన మంచం మీద వరహాలమ్మ మూడు దిళ్ల మధ్య ఉంది. వకుళ చెప్పింది విన్నంతసేపూ కప్పుకేసి చూస్తూనే ఉంది. పూర్తయ్యాక చెయ్యి చాచింది.

"ముందు ఈ సెయ్యి అట్టుకోమ్మా. ఏడాదై నన్నెవులూ గట్టిగా ముట్టుకోనేదు."

వకుళ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకోవచ్చో లోకంలో తనకన్నా తెలిసినవాళ్లు లేరు. అయినా కొంచెం ఎక్కువే పట్టుకుంది. కాసేపటికి వరహాలమ్మే కాళ్లు మంచం కిందికి జారవేసింది. పాదాలు నేలకు ఆనాయి. కోడలు గుమ్మంలోంచి "అత్తా, వొద్దు" అంటూనే పరుగున వచ్చి రెండోపక్క భుజం కింద చెయ్యి వేసింది. పిండి ఆవిడ జాకెట్టుకు అంటుకుంది.

వరహాలమ్మ లేచింది. కాళ్లు నిలిచాయి. వకుళ మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఐదు దగ్గర ఆపేసింది.

వరహాలమ్మ మెల్లిగా తల తిప్పి గది చూసింది. ఏడాదిగా పడుకుని చూసిన గదే. ఇప్పుడు నిలబడి చూసింది. గోడ పక్కన బీరువా మీద ఆవిడ చూపు ఆగింది.

"ఏటే, బీరువా మీద అంత దుమ్మేటే? తుడిసినావా ఎప్పుడైనా?"

కోడలు నవ్వబోయి ఏడ్చింది.

వకుళ వాళ్లకు ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి, రేపు మళ్లీ వస్తానని చెప్పి బయటికొచ్చింది. ఎండ దిగుతోంది. బస్‌స్టాపులో నిలబడి అక్కకు ఫోన్ చేసింది. చివరిదాకా మోగింది, తియ్యలేదు. హాస్టల్లో పిల్లలకు డ్రిల్ చేయించే వేళ. వకుళ ఫోన్ సంచిలో వేసుకుని పుస్తకం తీసింది. ముప్ఫయ్యో ఇల్లు పెదగంట్యాడలో. అటు వెళ్లే బస్సు వచ్చేదాకా ఆ ఇంటావిడ పేరును రెండుమూడుసార్లు చదువుకుంటూ అక్కడే నిలబడింది.